తొలి చుక్క

అనగనగా, ఓడెక్కితే ఏడు నెలలు పట్టేంత దూరాన, యవన దేశంలో ఒక దీవి. దాన్ని ఏలే రాజు ఫెరోన్, అతని రాణి లిసాండ్రా.

రాజుకు ద్రాక్షారసం అందించే సేవకుడు గోర్గాస్. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి ఉప్పు తిన్నవాడు. రాజుకు వాడంటే ప్రాణం. రాణికి మాత్రం కొన్నాళ్లుగా వాడి వాలకం నచ్చడం లేదు. ఒకప్పుడు నవ్వుతూ రాజు ముఖంలోకి చూసేవాడు. ఇప్పుడు నేలచూపులు చూస్తున్నాడు.

ఒకనాడు వాడు రేవులో శత్రుదీవి పడవవాడితో గుసగుసలాడుతూ రాణి కంటపడ్డాడు.

"ఏమిట్రా మంతనాలు?"

"చేపల బేరం తల్లీ!"

చేతిలో చేపా లేదు, బుట్టా లేదు. రాణి వెళ్లి రాజుతో చెప్పింది.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకు దేవీ!" అని రాజు నవ్వేశాడు.

మరోనాడు వాడి వేలికి పచ్చరాయి ఉంగరం మెరిసింది. నిన్న అమ్మ ఇచ్చిందన్నాడు. వాడి తల్లి పోయి పదేళ్లయిందని వంటశాలంతటికీ తెలుసు. రాజు మళ్లీ నవ్వాడు. రాణికి తిండి సయించలేదు. భర్త ప్రాణం మీదికి ఏదో వస్తోందని ఆమెకు ఒకటే భయం. రుజువు చూపిద్దామంటే ఏమీ లేదు.

అంతలో ద్రాక్షల పండుగ వచ్చింది. యవనులకొక ఆచారం ఉంది. ఎవరు తాగబోయినా, ఆ పాత్రలోంచే తొలి చుక్క పొయ్యిలో గృహదేవతకు పోయాలి. ఆ పని గోర్గాస్‌దే. ఆ రోజు వాడు రాజు పాత్ర నింపాడు. తొలి చుక్క మాత్రం కూజాలోంచి పోశాడు. సందడిలో ఎవరూ గమనించలేదు, రాణి తప్ప.

రాజు పాత్ర ఎత్తాడు. రాణి చటుక్కున అతని చేయి పట్టుకుంది.

"గోర్గాస్, ఈ పాత్రలోది పోయరా ఆ దేవతకు!"

వాడు పాత్ర అందుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాడు. చేయి వంగలేదు.

"నావల్ల కాదమ్మా! విషం పోస్తే ఆ తల్లి నా వంశాన్నే కాల్చేస్తుంది!" అంటూ కూలబడ్డాడు.

ఈసారి రాజు నవ్వలేదు.

"ఇరవై ఏళ్లు అన్నం పెట్టాను కదరా! ఆ తల్లికి పోయడానికి వంగని చేయి, నాకు పోయడానికి ఎలా వంగింది?"

గోర్గాస్‌ను పడవెక్కించి దీవి దాటించారు. వాడు పోయి, ఆ ఉంగరం ఇచ్చిన శత్రురాజు గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన లోపలికి రానిచ్చాడా? "తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడివి, రేపు మా వాసాలు లెక్కపెట్టవా?" అని తరిమేశాడు.

పిల్లలూ, నమ్మి అన్నం పెట్టినవారికి ద్రోహం తలపెట్టినవాడు ఎంతటి దైవభక్తుడైనా, ఏ గడపా వాణ్ణి లోపలికి రానివ్వదు.