నక్క బావ తవ్విన కందకం

కొండవాలున జీడితోటలో రాతి పునాది మీద కట్టిన కోళ్ళగూడు ఒకటి ఉండేది. పైకి కోటలాగే కనబడేది గానీ, వానాకాలం వచ్చిందంటే అందులో కాపురముండే నూకాలు అనే పెట్టకి ఏడుపొక్కటే తక్కువ. కొండలో ఇంకిన నీరంతా నేలలోపలే కిందికి జారుకుంటూ వచ్చి, వెనక గోడ పునాది రాళ్ళ సందుల్లోంచి గూట్లోకి ఊరేది. కిందటి వానలకి పొదిగిన గుడ్లన్నీ చెమ్మకి మురిగిపోయాయి. ఒక్క పిల్లయినా కళ్ళు తెరవలేదు. ఆ కడుపుకోత ఇంకా చల్లారనేలేదు, నూకాలు మళ్ళీ గుడ్లు పెట్టింది, వానలూ మళ్ళీ మొదలయ్యాయి.

పక్కనుండే బాతు పైడమ్మ ఓదార్చడానికి వచ్చి, తడి నేల ఎంత హాయో చెప్పి వెళ్ళింది. ఆ తర్వాత నక్క బావ వచ్చాడు. ముందువైపు కుక్క ఉంటుంది కాబట్టి వెనక కిటికీ దగ్గర నిలబడి, మరదలి కష్టం చూడలేకపోతున్నానని, కొండ మీద తన గుహ పొడిగా ఉందని, గుడ్లతో సహా వచ్చేస్తే కంటికి రెప్పలా చూసుకుంటానని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కంట్లోకన్నా నోట్లోనే నీళ్ళు ఎక్కువ ఊరుతున్నాయి, పాపం.

ఉంటే గుడ్లు మురుగుతాయి, వెళ్తే గుడ్లే మిగలవు. నూకాలు బాగా ఆలోచించింది. మర్నాడు గూటికి దిగువనున్న వాగు ఒడ్డున రెల్లులో నక్క తోక కదలడం చూసి, పైడమ్మని పిలిచి కాస్త గొంతు పెంచింది.

"ఏం గూడోనే పైడమ్మా! మూడు వైపులా రాయే గానీ, వెనక గోడ కింద ఒట్టి మన్ను. ఎవడైనా వాగు దగ్గర్నుంచి కందకం తవ్వుకుంటూ, అందులో నక్కి వెనక గోడ దాకా వచ్చాడంటే కుక్క కంట కూడా పడడు. ఇలాంటివి పైకి అనకూడదులే."

పుట్టి బుద్ధెరిగి ఒళ్ళొంచని నక్క బావ ఆ పూటే పనిలోకి దిగాడు. వాగు నుంచి ఎగువకి తవ్వుకుంటూ గూడు పక్కగా వెనక గోడ చేరాడు. రాయి తగిలింది. మన్ను ఇంకాస్త అవతల ఉందేమోనని గోడ పొడుగునా తవ్వాడు. ఈ కొస నుంచి ఆ కొసదాకా రాయే. కొండ ఊటంతా కందకంలోకి దిగి, బావ పొట్ట తడుపుతూ వాగులోకి పరుగెత్తింది. చివరికి గోళ్ళు అరిగిపోయి, కుంటుకుంటూ గుహకి పోయి పడుకున్నాడు.

గోళ్ళు పెరగ్గానే మళ్ళీ వస్తాడని, ఈలోగా కందకాన్ని మట్టితో పూడ్చేద్దామని పైడమ్మ కంగారుపడింది.

"మట్టి పోస్తే నక్కతోపాటు నీరూ ఆగుతుంది. ఆగిన నీరు మళ్ళీ నా ఇంటికే వస్తుంది," అంది నూకాలు.

కందకానికి పైన వాలులో, ఎప్పుడో ఇల్లు కట్టగా మిగిలిన కంకర గుట్ట ఉంది. తోటలోని పెట్టలన్నీ గుట్టెక్కి, కందకానికి వీపులు తిప్పి, కాళ్ళతో వెనక్కి కెలకడం మొదలెట్టాయి. పొద్దస్తమానం కెలుకుతాయని తిట్లు తినే జాతి, ఆ విద్య ఇన్నాళ్ళకి పనికొచ్చింది. కందకం నిండా కంకర పడింది.

గోళ్ళు పెరిగాక నక్క బావ మళ్ళీ వచ్చాడు. ఒక రాయి లాగితే పై రాళ్ళు జారి ఆ చోటు పూడ్చేశాయి. లాగి లాగి విసిగి, రాళ్ళకి చెవి ఆనించాడు. కింద గలగల, గూట్లో కిచకిచ.

"మరదలా, ఏమిటా చప్పుళ్ళు?"

"కిందది నీ కష్టం బావా, లోపలిది దాని ఫలం. ఇల్లు ఎండింది, పిల్లలు పుట్టారు. ఆ రాళ్ళలో నీరు దూరుతుంది, నువ్వు దూరలేవు."

బావ తన గోళ్ళకేసి ఒకసారి చూసుకుని కొండెక్కాడు.

దేన్ని ఆపాలో, దేన్ని సాగనంపాలో తెలిస్తే, రెంటికీ ఒక్క కందకమే చాలు.