ఖాళీ పెట్టెలూ ఆది జాకెట్టూ

ఎవరేం చేసినా "పర్లేదులే, సర్దుకుంటాను" అనడమే తప్ప నోరు తెరిచి ఏదీ అడగడం చేతకాని భ్రమరాంబ అనే ఇల్లాలు రేపల్లెలో రైలు గేటు దగ్గర ఒక రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేది.

ఆమె జాకెట్లు కుట్టేది. మంచి పనిమంతురాలు. చంక దగ్గర ఒక్క ముడత పడనిచ్చేది కాదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ పనికి ఇంట్లో చోటే లేదు. తెల్లవారగానే చేతి మిషను మంచం మీద పెట్టుకునేది. రాత్రి కాపలా ముగించుకుని భర్త వీరభద్రం వచ్చి నడుం వాల్చగానే దాన్ని ఎత్తుకుని వంటింటి గడపలోకి పోయేది. అత్తగారు సీతారావమ్మ పొయ్యి దగ్గరికి రాగానే అక్కణ్ణించి వసారాలోకి. వసారాలోకి ఎండ రాగానే మళ్ళీ లోపలికి. మిషను వెనకాలే దారాల సంచీ, లేసుల మూట, లైనింగు గుడ్డలు, కుట్టవలసిన బట్టలు, అన్నీ బయలుదేరేవి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు రోజంతా ఇదే తిరుగుడు.

హుక్కులు పెట్టుకునే దిక్కు లేక, పోపుల డబ్బాలో ఖాళీగా ఉన్న ఒక గిన్నెలో పోసుకునేది. ఒకనాడు చారులో హుక్కు వచ్చింది.

"ఈ ఆవగింజ చిటపటలాడలేదేమే కోడలా?" అంది సీతారావమ్మ, దాన్ని పళ్ళ మధ్య నుంచి తీసి చూపిస్తూ.

సాయంత్రమయ్యేసరికి భ్రమరాంబకు కుట్టిన అలసట కన్నా మోసిన అలసటే ఎక్కువగా ఉండేది. మిషను మూత మీద తల ఆనించి అలాగే కాసేపు కళ్ళు మూసుకునేది.

పోనీ ఇంట్లో నిజంగా చోటు లేదా అంటే, ఉంది. ముందుగదిలో కిటికీ కింద, బంగారంలాంటి వెలుతురులో, ఖాళీ అట్టపెట్టెలు కాపురం ఉండేవి. కూలరు పెట్టె, టీవీ పెట్టె, మిక్సీ పెట్టె, ఫ్యాను పెట్టె, గోడగడియారం పెట్టె. "ఇల్లు మారేటప్పుడు కావాలి కదా" అనేవాడు వీరభద్రం. ఆ ఇంట్లో దిగి పదకొండేళ్ళయింది. కూలరు తుప్పుపట్టి పాత సామాన్లవాడి బండెక్కి వెళ్ళిపోయింది కూడా. దాని పెట్టె మాత్రం దర్జాగా కిటికీ కిందే కూర్చుంది.

ఒకరోజు ఎస్తేరు టీచరమ్మ వచ్చింది. చిన్నప్పుడు ఆవిడ కుడి భుజం విరిగి, కిందికి దిగి అతుక్కుంది. ఎవరు కుట్టినా జాకెట్టు ఆ వైపు జారిపోయేది. అందుకని ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఎంత ఎండల్లో అయినా, ఆ భుజం మీదుగా కొంగు కప్పుకునే పాఠాలు చెప్పింది.

ఆవిడ సంచిలోంచి వెలిసిన నీలం రంగు జాకెట్టు తీసింది.

"ఇది మా అమ్మ కుట్టింది. నాకు సరిగ్గా కూర్చున్న జాకెట్టు ఇదొక్కటే. అమ్మ పోయింది, ఇది మిగిలింది. దీన్ని ఆదిగా పెట్టుకుని, ఈ కొలతకే కొత్తది కుట్టమ్మా. ఇంకో పదిహేను రోజుల్లో నా పదవీ విరమణ సభ. ఆ ఒక్కరోజైనా కొంగు కప్పుకోకుండా నలుగురిలో నిలబడాలని ఉంది. ఇది మాత్రం జాగ్రత్త."

"పర్లేదు టీచరమ్మగారూ, జాగ్రత్తగానే ఉంటుంది" అంది భ్రమరాంబ, దాన్ని ఎక్కడ పెట్టాలో తనకే తెలియకుండా.

ఆ రోజు మంచం మీద దిండు కింద పెట్టింది. భర్త పడుకోవడానికి వస్తే బియ్యం డబ్బా మీదికి మార్చింది. అత్తగారు బియ్యం తీస్తానంటే, వంటింటి గట్టు పక్కనున్న గుడ్డముక్కల మూట మీద పెట్టింది. ఆ తర్వాత వేరే పనిలో పడింది.

నాలుగో రోజు కొత్త గుడ్డ కత్తిరిద్దామని చూస్తే ఆది కనిపించలేదు. మంచం కింద వెతికింది. మూటలన్నీ విప్పింది. ఆఖరికి వంటింట్లోకి వచ్చి తలెత్తి చూస్తే, సీతారావమ్మ గంజి వారుస్తోంది. వేడి గిన్నె పట్టుకున్న ఆవిడ చేతిలో నీలం గుడ్డ.

"అత్తయ్యా... అదేమిటి మీ చేతిలో?"

"మసిగుడ్డ. మొన్నటి నుంచీ ఇదే వాడుతున్నా. మెత్తగా, చేతికి ఒద్దికగా ఉంది. నిన్న మంట అంటుకుని కాస్త కాలింది, అంతే."

కాలింది కుడి భుజమే.

సంగతి తెలిశాక సీతారావమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, నాకేం తెలుసే! ముక్కల మీద పడుంటే ముక్కే అనుకున్నాను. వంటింట్లో దొరికిన గుడ్డ మసిగుడ్డ కాక పట్టుచీర అవుతుందా?"

"పర్లే..." అంది భ్రమరాంబ అలవాటు కొద్దీ. పర్లేదని అనడానికి ఆ జాకెట్టు తనది కాదు.

సాయంత్రం కబురు పెట్టి, టీచరమ్మ వచ్చాక జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆవిడ కాలిన చోట మిగిలిన కుట్టును వేలితో తడిమి చూసింది.

"దీన్ని ఎక్కడ పెట్టావమ్మా?"

"ముందు మంచం మీదండీ. తర్వాత బియ్యం డబ్బా మీద. తర్వాత..." భ్రమరాంబకు ఏడుపు వచ్చింది.

టీచరమ్మ ఇల్లంతా కలయజూసింది. "ఆ కిటికీ కింద పెట్టెల్లో ఏమున్నాయి?"

"ఏమీ లేవండీ. ఖాళీవే" అన్నాడు వీరభద్రం.

"ఖాళీ పెట్టెలకేమో కిటికీ. మా అమ్మ జాకెట్టుకేమో పొయ్యిగట్టు. బాగుంది నాయనా."

వీరభద్రం తల దించుకున్నాడు. అప్పుడు భ్రమరాంబ కొంగుతో కళ్ళు తుడుచుకుని, కాపురానికి వచ్చాక మొదటిసారి అడిగింది.

"ఏమండీ, నాకు ఆ కిటికీ కింద చోటు కావాలి."

"అడిగితే ఇవ్వనన్నానా? ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా నోరు విప్పావా? నువ్వు పర్లేదంటే నిజంగానే పర్లేదనుకున్నాను."

"ఒరే, నీకు కళ్ళు లేవట్రా? దాని నడుం విరుగుతుంటే చూడలేదూ?" అని కసిరింది సీతారావమ్మ. అని, "నేనూ చూస్తూనే ఉన్నాలే" అని నెమ్మదిగా గొణుక్కుంది.

అప్పటికప్పుడు పెట్టెలన్నీ వీధిలోకి వెళ్ళాయి. "గడియారం పెట్టె ఒక్కటి ఉంచుకోనా?" అని అడిగాడు వీరభద్రం బేలగా. మర్నాడు పొద్దున అతనే కిటికీ కింద బల్ల వేసి, మిషను ఎక్కించి, ఆ గడియారం పెట్టెను పక్కన పెట్టి, "ఇకమీదట ఆదులన్నీ ఇందులో ఉంచు" అన్నాడు.

భ్రమరాంబ కాలని ఎడమ సగాన్ని కుట్టు కుట్టూ తిరగేసి చూసి, ఆ తల్లి చేతి పద్ధతి నేర్చుకుంది. కుడి సగానికి ఆధారం లేదు. టీచరమ్మనే వెలుతురులో నిలబెట్టి కొలిచింది. మొదటిసారి కుట్టింది జారింది. రెండోసారి పట్టేసింది. కానీ నిన్న పెట్టిన కత్తెర ఇవాళ అక్కడే ఉంది. నిన్న ఆపిన కుట్టు దగ్గరే ఇవాళ మొదలుపెట్టగలిగింది. మూడోసారి జాకెట్టు భుజానికి అతికినట్టు కూర్చుంది.

సభ రోజున ఎస్తేరు టీచరమ్మ కొంగు కప్పుకోకుండానే నిలబడి మాట్లాడింది. సభ నుంచి తిరిగి వెళుతూ భ్రమరాంబ ఇంటి దగ్గర ఆగింది.

"చక్కగా కుదిరిందమ్మా. కానీ మా అమ్మ కుట్టు మా అమ్మదే."

"నిజమేనండీ" అంది భ్రమరాంబ. పర్లేదని అనలేదు. టీచరమ్మ కాలిన ఆ జాకెట్టును మడిచి, తన సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సర్దుకుపోవడం మంచి గుణమే. కానీ చేసే పనికి కావలసిన చోటును నోరు తెరిచి అడగాలి. అడగకుండా సర్దుకుంటే ఆ నష్టం మనతో ఆగదు, మనల్ని నమ్మినవాళ్ళకూ తగులుతుంది.