ఎర్రదట్టీల గెలుపు

తామ్రగిరి రాజు నాగభూపతికి చెడుగుడు ఆటంటే ప్రాణం. ఏటా వసంతోత్సవాల్లో కోట పాఠశాలకీ ఏటిగట్టు పాఠశాలకీ పోటీ పెట్టించేవాడు. గెలిచిన పాఠశాల విద్యార్థులకు ఏడాది పొడుగునా రాజుగారి వంటశాల నుంచే భోజనం. అంత పెద్ద బహుమతి కాబట్టే, ఆట ముగిసేసరికి తీర్పరికి తిట్లూ, చూసేవాళ్లకు తన్నులూ తప్పేవి కావు.

రాజుకు విసుగొచ్చింది. ఆ ఏడు ఊరంతా చాటింపు వేయించాడు.

"తీర్పరి మాటే మాట! ఆయన తీర్పు తప్పన్నవాడు ఎంతటివాడైనా సరే, వేసవి వెళ్లేదాకా ఆటస్థలానికి కావిడితో నీళ్లు మోయాలి!"

ఆ తీర్పరి పేరు భైరవయ్య. "నాది డేగ కన్ను" అని రోజుకోసారైనా చెప్పుకుని మీసం దువ్వితేగాని ఆయనకు తోచదు. ఆయన చదువుకున్నది కోట పాఠశాలలో. ఆ పాఠశాల ఆటగాళ్లు నడుముకు కట్టే ఎర్రదట్టీ కనబడితే చాలు, ఆయన మొహం వెలిగిపోతుంది.

ఆట మొదలైంది. ఏటిగట్టు జట్టు నాయకుడు ఓబన్న పచ్చదట్టీ బిగించి కూతకు వెళ్లాడు. ఇద్దర్ని తాకి, కూత ఆపకుండానే మధ్యగీత దాటి తిరిగొచ్చాడు. జనం ఈలలు వేశారు.

"కూత తెగింది. నువ్వు చచ్చావు, బయటికి నడు!" అన్నాడు భైరవయ్య.

ఇంకాసేపటికి కోట జట్టువాడొకడు హద్దు బయట అడుగేశాడు. మట్టిలో అయిదువేళ్లూ అచ్చుపడ్డాయి.

"అది గాలికి పడ్డ గుంట. ఆట సాగనివ్వండి!" అన్నాడు భైరవయ్య.

ఓబన్న ఇక ఉండబట్టలేకపోయాడు. "అన్యాయమండీ! గాలికి వేళ్లుంటాయా?" అని అరిచాడు. అరిచినందుకు భుజాన కావిడి పడింది. నాయకుడు లేని జట్టు ఓడిపోయింది. ఏడాది కూడు పోయిందని ఏటిగట్టు పిల్లలు మట్టిలోనే చతికిలబడి ఏడ్చారు.

రాజు పక్కనే కూర్చున్న ఆస్థాన విదూషకుడు చెన్నుభట్టు ఉలకలేదు, పలకలేదు.

"ఏమయ్యా, ఎప్పుడూ గలగలలాడేవాడివి, నోరు పడిపోయిందా?" అన్నాడు రాజు.

"నోరు బాగానే ఉంది ప్రభూ. భుజాలే కావిడికి పనికిరావు."

రాజుకు విషయం అర్థమైంది. కానీ మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చిన్నతనం. "సరే, తీర్పు తప్పు అన్న మాట నీ నోట రాకూడదు. అయినా అది తప్పని నాకు తెలియాలి. చేతనవుతుందా? కాకపోతే కావిడి నీకే!"

"చిత్తం. రేపు వసంతాలు చల్లుకున్నాక ఇంకొక్క ఆట ఆడించండి. ఓబన్నను ఆ పూటకు వదిలిపెట్టండి."

ఆ సాయంత్రం చెన్నుభట్టు కోట జట్టు నాయకుడు విస్సన దగ్గరికి వెళ్లి, రేపు దట్టీలు మార్చుకుంటారా అని అడిగాడు. కాదంటాడేమోనని కొంచెం భయపడ్డాడు కూడా.

విస్సన తల దించుకున్నాడు. "గెలిచి ఇంటికి పోతే మా అమ్మే నా మొహం చూడలేదండీ. తీసుకుపొండి ఈ దట్టీలు" అన్నాడు.

మర్నాడు ఊరు ఊరంతా రంగుల్లో మునిగింది. ఆటగాళ్ల మొహాలు గులాలుతో, పసుపుతో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనట్టు ఉన్నాయి. ఎర్రదట్టీ కట్టుకున్న ఓబన్న కూతకు వెళ్లాడు. చెన్నుభట్టు చెప్పినట్టే నట్టనడుమ ఆగి, ఖళ్లుఖళ్లున దగ్గి, మళ్లీ కూత అందుకున్నాడు.

జనం గొల్లుమన్నారు. భైరవయ్య చెయ్యెత్తాడు.

"దగ్గు కాదది, కూతలో గమకం! ఎర్రదట్టీలకే లెక్క!"

కాసేపటికి ఓబన్న హద్దు దాటి, చూస్తున్న జనం మధ్యలోకి వెళ్లి, ఒక పెద్దాయనకు దణ్ణం పెట్టి మరీ తిరిగొచ్చాడు.

"పెద్దల దగ్గర దీవెన తీసుకుంటే హద్దు దాటినట్టు కాదు!" అన్నాడు భైరవయ్య.

ఆట ముగిసింది. ఎర్రదట్టీలు గెలిచాయి. "నిన్నా వీళ్లే, ఈవేళా వీళ్లే. కోట పాఠశాలంటే ఏమనుకున్నారు!" అని భైరవయ్య మీసం మెలేశాడు.

"మొహాలు కడుక్కురండి నాయనా, మహారాజుగారు విజేతల్ని చూస్తారు" అన్నాడు చెన్నుభట్టు.

మొహం కడుక్కుని ఓబన్న వచ్చి రాజు ముందు నిలబడ్డాడు. వెనకే ఏటిగట్టు పిల్లలందరూ.

భైరవయ్య ఎగిరిపడ్డాడు. "దగా! మోసం! వీడు కూత మధ్యలో దగ్గాడు ప్రభూ, ఈ రెండు చెవులతో విన్నాను! హద్దు దాటి జనంలోకి పోయాడు, ఈ రెండు కళ్లతో చూశాను! ఎప్పుడో చచ్చినవాడికి గెలుపేమిటి? ఈ తీర్పు చెల్లదు, శుద్ధ తప్పు!"

చెన్నుభట్టు మెల్లగా లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, తీర్పరిగారి తీర్పు తప్పని నేను అనలేదు. తీర్పరిగారే అంటున్నారు. కావిడి ఎత్తించమంటారా?"

రాజు పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వు చూసి ఊరంతా నవ్వింది. నవ్వనివాడు భైరవయ్య ఒక్కడే. భటులు అప్పటికే ఆయన భుజం కొలతకు కావిడి సరిచేస్తున్నారు.

ఓబన్న శిక్ష అక్కడికక్కడే రద్దయింది. ఈ ఏడాదికి రెండు పాఠశాలలకూ వంటశాల తలుపులు తెరవమన్నాడు రాజు. విస్సనా ఓబన్నా ఒకరి దట్టీ ఒకరికి కట్టుకుంటూ నవ్వుకున్నారు.

రాజు తన చేతి బంగారు కడియం తీసి చెన్నుభట్టుకు తొడిగాడు. "భేష్! వచ్చే ఏటి నుంచి తీర్పరివి నువ్వే!"

చెన్నుభట్టు రెండడుగులు వెనక్కి వేసి దణ్ణం పెట్టాడు.

"ఆ ఒక్కటీ వద్దు ప్రభూ! నేను చదువుకున్నది ఏటిగట్టు పాఠశాలలో!"