దర్బారులో ఏడో ఎక్కం

ఏటిగడ్డ రాజ్యాన్ని ఏలే గజభైరవుడికి పద్దెనిమిది బిరుదులు. ఎవరు దర్బారు గడప తొక్కినా సరే, బాకా ఊది, ఆ పద్దెనిమిదీ గొంతెత్తి చదవాల్సిందే. ఆఖరికి మజ్జిగ తెచ్చే ముసలమ్మ వచ్చినా అంతే!

రాజుల పిల్లలు నిండు సభలోనే చదువుకోవాలని అక్కడి ఆచారం. అందుకని రాజుగారి ఎనిమిదేళ్ళ కూతురు కనకవల్లి సింహాసనం పక్కనే కూచుని ఎక్కాలు వల్లించేది. ఏడో ఎక్కం మాత్రం రెండు నెలలైనా పూర్తికాలేదు.

"ఈ పిల్లకి ధ్యాస నిలవదు ప్రభూ! ఉత్త మొద్దు," అని తేల్చేశారు చదువు చెప్పే గంభీరశాస్త్రిగారు. "రేపే అడవిలో మా గురువుగారి ఆశ్రమానికి పంపేయండి. పదేళ్ళుంటే దారికొస్తుంది."

రాజుగారు సరేనన్నారు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి విదూషకుడు పేరయ్యకి మనసు ఆగలేదు. తాంబూలం పళ్ళెం సర్దుతున్నట్టు నటిస్తూ మెల్లిగా పక్కన చేరాడు.

"ఎక్కడ ఆగిపోతోందమ్మా?"

"సగంలో ఉండగా బాకా ఊదుతారు తాతా. ఎవరొచ్చారా అని చూస్తా. ఎందాకా చెప్పానో మర్చిపోతా. మళ్ళీ మొదలెడితే శాస్త్రిగారు మొట్టికాయ వేస్తారు."

పేరయ్య లేచి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ! అమ్మాయిగారు వెళ్ళేముందు ఏడో ఎక్కం తమరి నోట ఒక్కసారి వింటే..."

"ఓస్, అదెంత!" రాజుగారు గొంతు సవరించుకున్నారు. "ఏడొకట్ల ఏడు. ఏడు రెళ్ళు పద్నాలుగు. ఏడు మూళ్ళు..."

వాకిట్లో ఉన్న మజ్జిగ ముసలమ్మకి పేరయ్య కనుసైగ చేశాడు. ఆమె గడప దాటింది. బాకా మోగింది, బిరుదులు మొదలయ్యాయి. రాజుగారి చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. పద్దెనిమిదీ అయ్యేదాకా దువ్వుతూనే ఉన్నారు.

"ఆఁ... ఎందాకా వచ్చాను? సరే, మొదట్నించీ."

ఈసారి తోటమాలి పూలబుట్టతో వచ్చాడు. మళ్ళీ మొదటికి. తర్వాత ముసలమ్మ ఖాళీ కుండతో బయటికి పోయి, మర్చిపోయిన చెంబు కోసం తిరిగొచ్చింది. మళ్ళీ బాకా, మళ్ళీ మొదటికి.

"నోళ్ళు ముయ్యండ్రా! ఈ గోలలో ఎక్కం ఎవడికి గుర్తుంటుంది?" రాజుగారు అరిచారు.

పేరయ్య శాస్త్రిగారి వంక తిరిగాడు.

"మూడుసార్లు మొదటికొచ్చారండీ. మొట్టికాయ వేస్తారా? లేకపోతే ప్రభువుల్నే ఆశ్రమానికి పంపుదామా?"

శాస్త్రిగారు చెయ్యి ఉత్తరీయం కింద దాచేసుకున్నారు.

రాజుగారు పిల్ల తల నిమిరారు. వేళ్ళకి బొప్పి తగిలింది. ముందు ఆయన ముఖం ముడుచుకుపోయింది. తర్వాత పేరయ్యని చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. భుజమ్మీది పట్టుశాలువా తీసి అతనికి కప్పారు. ఆశ్రమం ప్రయాణం ఆగిపోయింది. చదువు పెరటివైపు గదిలోకి మారింది.

సాయంత్రానికల్లా కనకవల్లి ఏడో ఎక్కం పూర్తిగా అప్పజెప్పేసింది. అక్కడితో ఊరుకుందా? తండ్రి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుంది.

"ఇప్పుడు మీరు చెప్పండి నాన్నగారూ. మీసం మీంచి చెయ్యి తీసి చెప్పండి!"