పండుకున్నమ్మ గుట్ట – చెంగుకుట్టు మొక్కు పుట్టిన వైనం

ఎర్రబోడుపల్లెకు పడమట, శనగచేల నడుమ ఒంటరిగా నిలిచిన గుట్టపై పండుకున్నమ్మ వెలసి ఉన్నది. మెట్లు నూట పన్నెండు. లెక్కపెట్టుకుంటూ ఎక్కితే అలసట రెట్టింపవుతుంది కనుక ఊరకే ఎక్కడం మేలు. ఇతర క్షేత్రాలలో అమ్మవారు నిలబడో, పీఠంపై కూర్చునో దర్శనమిస్తారు. ఇక్కడ శిలారూపం నేలపై పక్కకు ఒరిగి, మెడ దాకా బొంత కప్పుకొని ఉంటుంది. భక్తులు గొంతు తగ్గించి మాట్లాడవలెను.

పూర్వం ఇక్కడ అమ్మవారు నిలువురాయిగానే ఉండేవారు. ఆ కాలంలో పల్లెలో ఓబులమ్మ అనే ముసలామె బొంతలు కుట్టేది. పాతచీరలు నాలుగు వరుసలు పరచి, అంచులు మడిచి, దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోయేది. ఏడేళ్ల ప్రాయంలో సూది పట్టిందట. పెళ్లినాడు చీర అంచు తీరుగా లేదని పీటల మీదికి పోకముందు విప్పి మళ్లీ కుట్టుకున్నదని కూడా చెప్పుకుంటారు. పల్లెలో పుట్టిన ప్రతి బిడ్డనూ ఆమె బొంతలోనే చుట్టేవారు. పోయినవారినీ ఆమె బొంత మీదనే పడుకోబెట్టేవారు. కుట్టు నేర్చుకుందామని మాత్రం ఏ ఒక్కరూ అనలేదు. ఓబులమ్మ ఉన్నది కదా అని అందరికీ ధీమా.

అరవై దాటాక ఆమెకు ఒక దిగులు పట్టుకున్నది. చూపు మందగించింది, వేళ్లు వంకర పోయాయి, వాటిని ఆమె లెక్కచేయలేదు. సూదిని చూస్తే విసుగు పుట్టసాగింది. అదీ ఆమె దిగులు. ప్రాణంలా చూసుకున్న పని మీదనే మనసు విరిగితే తనకు ఇక మిగిలేదేమిటని లోలోపల కుమిలిపోయింది. అమ్మవారికి ఒక్క బొంత కుట్టి ఇచ్చి, సూదిని అక్కడే వదిలేసి రావాలని నిశ్చయించుకొని, ఇంటికొక పాతగుడ్డ అడిగి తెచ్చి బొంత కుట్టి, అంచు మాత్రం అమ్మ ముందే కుడదామని మిగుల్చుకొని గుట్ట ఎక్కింది.

బొంత ఒక కొసను రాతి ముందు పరచి, రెండో కొసను ఒడిలో వేసుకొని కూర్చున్నది. అంచు పూర్తయ్యేసరికి మిట్టమధ్యాహ్నమైంది. లేవబోతే చీర పట్టి లాగింది. ఒడిలో పెట్టుకొని కుట్టేవారికి జరిగే పొరపాటే జరిగింది. పైట చెంగును బొంతతో కలిపి జానెడు మేర కుట్టేసుకున్నది. సూది పట్టిన కొత్తలో తప్ప ఆమె ఎన్నడూ అట్లా చేయలేదు. విప్పే ఓపిక లేక అక్కడే ఒరిగింది. కునుకు పట్టింది.

కలలో అమ్మవారు పక్కనే కూర్చుని కనిపించారు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నాకూ కునుకు లేదు ఓబులమ్మా. బర్రె తప్పిపోయినా నన్నే పిలుస్తారు, పన్ను నొచ్చినా నన్నే పిలుస్తారు. నిలబడి నిలబడి కాళ్లు పీకుతుండాయి. ఆ బొంత ఇట్లా కప్పు. నువ్వు లేసినావంటే నన్నూ లేపుతారు, లేయొద్దు," అన్నారు.

ఎండ తగ్గాక పొరుగింటి తిప్పమ్మ చేనిపని ముగించి వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కూతురికి నెలలు నిండాయి. "ఓ అవ్వా, ఈడ పండుకున్నావా! మా పాపకు బొంత..." అంటూనే ఆగిపోయింది. నిలువురాయి నేలకు ఒరిగి ఉన్నది. మెడ దాకా బొంత కప్పి ఉన్నది. బొంత రెండో కొస ఓబులమ్మ చెంగుకు కుట్టి ఉన్నది.

తిప్పమ్మ చెంగు కోయడానికి కొడవలి తీసింది. ఓబులమ్మ మేలుకొని, "కోయొద్దే. అమ్మకు ఇప్పుడే కునుకు పట్టింది. కుట్టు విప్పు," అన్నది.

తిప్పమ్మకు విప్పడమూ చేతకాదు. ఒక పోగు లాగితే మూడు బిగుసుకున్నాయి. చెంగు విడిపడేసరికి పొద్దు వాలింది, బొంత అంచు కూడా ఊడి వచ్చింది. దాన్ని మళ్లీ కుట్టబోయింది. కుట్లు కోడి గెలికినట్టు పడ్డాయి. ఓబులమ్మ కాసేపు ఓర్చుకొని చూసింది. ఇక ఆగలేక, "అట్లా కాదు, ఇయ్యి సూది!" అన్నది.

అన్న తరువాత తన మాట తనకే వినిపించి ఏడ్చింది. మనసు విరగలేదు. ఇన్నేళ్లూ ఒక్కతే కుట్టి కుట్టి అలసిపోయింది, అంతే.

తిప్పమ్మ సూది ఇవ్వలేదు. "నువ్వు చెప్పవ్వా, నేను కుడతా," అన్నది. కూతురి బిడ్డకు బొంత ఆమే కుట్టుకున్నది. అది వంకరగానే వచ్చిందట. ఆ తరువాత ఇంటికొక ఆడమనిషి ఓబులమ్మ దగ్గర కుట్టు నేర్చుకున్నది. ఓబులమ్మ మాత్రం బుద్ధి పుట్టినప్పుడే సూది పట్టింది. కడదాకా ఇష్టంగా కుట్టింది.

నేటికీ శ్రావణ శుక్రవారాలలో చెంగుకుట్టు మొక్కు జరుగుతుంది. మొక్కుకున్న స్త్రీ బొంత కొసను ఒడిలో వేసుకొని కూర్చుంటే, తిప్పమ్మ వంశానికి చెందిన పూజారిణి ఆమె చెంగును బొంతకు కలిపి కుడుతుంది. తరువాతి మొక్కుబడి గల స్త్రీ వచ్చి విప్పేదాకా లేవకూడదు. నిద్రపోవచ్చు, ఏదైనా కుట్టుకోవచ్చు, ఊరికే గోడ చూస్తూ కూర్చోవచ్చు. ఆ పూట గుట్ట కింద వంట మగవారిది. ఉప్పు ఎక్కువైనా తినవలెను. సంతానమూ సంపదా కోరేవారికి క్షేత్రాలు చాలా ఉన్నాయి. ఇక్కడి అమ్మ ఒళ్లు తేలికపరచి, ఇష్టమైన పని మీద ఇష్టాన్ని తిరిగి ఇస్తుందని నమ్మకం.

అప్పుడప్పుడు మెట్ల దగ్గర నుంచి, "అమ్మా, బీరువా తాళం ఏడ పెట్టినావు?" అని కేక వినిపిస్తుంది. పూజారిణి గడప దగ్గరికి వచ్చి, "ఆమె కుట్టులో ఉంది," అని చెప్పి లోపలికి పోతుంది. ఆ మాట విన్నాక ఎవరూ రెండోసారి పిలవరు. తాళం వాళ్లే వెతుక్కుంటారు.