పైన రేకుల షెడ్డు, అడుగున ఆరంతస్తులు

రెండువేల పదహారు, తొలకరి రోజులు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో లోడింగ్ మేస్త్రి గుబ్బల ముత్యాలు ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట ముత్యాలే చెప్పేవాడు. ఇరవై ఏళ్ళలో ఆయన కట్టించిన లోడు ఒక్కటీ ఒరగలేదు. చెల్లెలు పైడమ్మ, తమ్ముడు సత్తెయ్య "అన్నియ్య బుర్రే బుర్ర" అనేవాళ్ళు. కూతురు మంగకి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో నాలుగువేల ర్యాంకు వచ్చేసరికి, ఆ బుర్రే దీనికీ వచ్చిందని ముగ్గురూ తీర్మానించారు.

ఇక ఏ కాలేజీలు కావాలో వరసగా జాబితా పెట్టాలి. లెక్కల మాస్టారు మంగని కూర్చోబెట్టి చెప్పారు. "అన్నీ ఒకే రకం పెట్టకమ్మా. రావడం కష్టమైన పెద్దవి మూడు పైన రాయి. నీ ర్యాంకుకి తగినవి మూడు మధ్యలో. తప్పకుండా వచ్చేవి మూడు అడుగున."

ముత్యాలు విని జాలిపడ్డాడు. "పెద్దవి పైన పెడితే ఇంకేముంది, మొదటి మలుపులోనే బోల్తా. పాపం, ఆయన ఏనాడైనా లారీకి లోడు ఎక్కించాడా? బరువైనవి అడుగున, తేలికవి పైన."

"మాస్టారు అలా చెప్పలేదు నాన్నా."

"మాస్టారిది లెక్కలమ్మా. ఇది లోడు."

మంగ కాగితం, పెన్ను తెచ్చింది. నాన్న కట్టిన లోడు ఒరగడం తనెప్పుడూ చూడలేదు మరి.

ఏది బరువో తెలియాలిగా. అంతే, సత్తెయ్య బస్సెక్కి మూడు రోజులు తిరిగి కాలేజీల అంతస్తులు లెక్కపెట్టుకొచ్చాడు. ఆరంతస్తులున్న పెద్ద కాలేజీని అట్టడుగున వేశారు. రేకుల షెడ్డులో నడిచేది ఒకటి దొరికింది. దూదిలా తేలిగ్గా ఉందని దాన్ని అన్నిటికన్నా పైన వేశారు.

పైడమ్మ జాబితా మీద వేలు పెట్టి చూసింది. "అన్నియ్యా, తూర్పు వైపువి ఆరున్నాయి, పడమరవి మూడే. అటు ఒరిగిపోదూ?"

నిజమే. తూర్పుది ఒకటి దించేశారు. మంగ ర్యాంకుకి సరిగ్గా సరిపోయేది అదే. పడమర వైపు ఎవరూ పేరు వినని కాలేజీలు రెండు ఎక్కించారు. అటు అయిదు, ఇటు అయిదు. ముత్యాలు కాగితాన్ని దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, బాగుందన్నాడు.

జాబితా కంప్యూటర్లో కొట్టించడానికి వెళ్తే, నెట్ సెంటర్ ఆవిడ కాగితం చూసి ఆగిపోయింది. "మేస్త్రిగారూ, తిరగేసి రాశారండి. కంప్యూటర్ పైనుంచి చూసుకొస్తది. పైది దొరికితే అక్కడే ఆగిపోద్ది."

"ఆగదమ్మా. లోడు దించేటప్పుడు ముందు పైదే దిగుద్ది. తర్వాత కిందవి ఒక్కోటీ దిగుతాయి. కంప్యూటర్ అయితే మాత్రం అడుగునుంచి లాగుద్దా?"

ఆవిడ మంగ వంక చూసింది. "నాన్న చెప్పినట్టే కొట్టండి ఆంటీ" అంది మంగ.

వారానికి రేకుల షెడ్డులో సీటొచ్చింది. ఇంకేముంది, ఇల్లంతా సంబరం. పైడమ్మ వీధంతా బెల్లం పంచింది. "మా మంగకి మొదటి కాలేజీ దిగింది. ఇంకా తొమ్మిదున్నాయి" అని చెప్పుకుంది.

నాలుగు రోజులు చూశారు. రెండోది దిగలేదు.

"నాన్నా, శనివారం లోపు చేరకపోతే ఇదీ పోద్దంట" అంది మంగ. ఆ పిల్లకి రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు.

ముత్యాలు బీడీ కాలిందాకా ఆలోచించాడు. "పైది కదలకుండా కూర్చుంటే కిందిది ఎలా దిగుద్దే? ముందు దీన్ని పక్కకి లాగాలి."

అంతే. నలుగురూ నెట్ సెంటర్‌కి వెళ్ళి ఆ సీటు రద్దు చేయమన్నారు. ఆవిడ రెండుసార్లు అడిగింది, "నిజంగానే వద్దా?" అని.

"వద్దని కాదమ్మా. దారిస్తున్నాం" అన్నాడు ముత్యాలు.

ఇంటికొస్తూ సత్తెయ్య అడిగాడు, "ఆరంతస్తులది ఎప్పటికి దిగుద్ది అన్నియ్యా?"

"పెద్దది కదరా. నెమ్మదిగా దిగుద్ది."

ఆ ఏడు అయిదువేల ర్యాంకు వాళ్ళకి కూడా ఆరంతస్తుల కాలేజీలో సీట్లొచ్చాయి. మంగ ఏ కాలేజీలోనూ చేరలేదు.