తవిటమ్మ పెట్టిన కళ్ళు

ఊ కొట్టండి. గట్టిగా కొట్టండి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే ఈ కథ నా నోట్లోనే కూర్చుంటుంది, బయటికి రానంటుంది.

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా చనుబాలు తాగుతున్న కాలం. కొండకీ గెడ్డకీ మధ్య ఒక ఊరు. గెడ్డంటే ఏరే, కాస్త చిన్నది. ఆ ఊరికి ఒక అమ్మవారు, పేరు గట్టుపోలమ్మ. ఆవిడ రాతి అమ్మవారు కాదు, పనస చెక్కతో చేసిన అమ్మవారు. చిన్నదే, ఒక మనిషి వీపున మోయగలిగినంత. తాటాకు కప్పిన గుడి, గుడికి ఒకటే ద్వారం, ద్వారానికి ఎదురుగా అమ్మ.

ఆ అమ్మకి ఏటా జాతర. జాతరకి ముందు పాత రంగంతా గీకేసి, పసుపు నీళ్ళతో కడిగి, కొత్త రంగు వేసేవారు. ముఖానికి పసుపు, చీరకి ఎరుపు, జుట్టుకి నలుపు. అన్నీ అయ్యాక, చివరాఖరికి కళ్ళు. కళ్ళు పెట్టేదాకా అమ్మకి చూపు ఉండదు.

ఈ పని చేసే మనిషి తవిటమ్మ. ఆమె తల్లికి అంతకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే తల్లి ఈమెని పొరుగామెకి ఇచ్చేసి, చేటెడు తవుడు తీసుకుని, మళ్ళీ ఆ తవుడిచ్చి తెచ్చుకుంది. తవుడు ఖరీదు చేసే పిల్లని చావు కూడా పట్టించుకోదని ఆ కాలపు తల్లుల ఎత్తు. అలా బతికింది తవిటమ్మ. ఎవరేమన్నా సరే అనేది. పని చెబితే సరే. కసిరితే సరే. ఆమె నోట ఇంకో మాట ఊరు వినలేదు.

అమ్మకి కళ్ళు లేని ఆ కొద్ది రోజులూ పూర్వం ఊరు బిక్కుబిక్కుమంటూ ఉండేదట. అమ్మకి కనపడదు, మన జాగ్రత్త మనమే చూసుకోవాలి అనుకునేవారు. పిల్లల్ని గెడ్డలో దిగనిచ్చేవారు కాదు. ఒకరింటి పశువు తప్పిపోతే పదిళ్ళవాళ్ళు వెతికేవారు. కోడలిని కసిరే అత్త కూడా ఆ రోజుల్లో గొంతు తగ్గించేది.

ఇలా ఉండగా ఒక ఏడు ఒకడు పట్టపగలు పక్కవాడి పొలంలోకి గట్టు జరిపాడు. కళ్ళు పెట్టాక గుడికి వెళ్ళి దండం పెట్టాడు. ఏమీ కాలేదు. అమ్మ చూడలేదు, అంతే.

మరుసటి ఏడు ఒకామె పొరుగింటి కోడిని కూర వండుకుని, ఆ పొరుగామె ముందే అమ్మ మీద ఒట్టు వేసింది, నీ కోడిని నేను ఎరగనని. ఏమీ కాలేదు. అమ్మ చూడలేదు, అంతే.

ఆ మరుసటి ఏడు ఒక కొడుకు కన్నతల్లిని కొట్టాడు. ఏమీ కాలేదు. అమ్మ చూడలేదు, అంతే.

ఇంకేముంది, ఊరు రుచి మరిగింది. వాటికి గుడ్డి రోజులని పేరు పెట్టుకున్నారు. ఏడాది పొడుగునా బుద్ధిగా ఉండేవారు. దారిలో ఎదురుపడితే అన్నా అంటే తమ్ముడూ అనుకునేవారు. మనసులో మాత్రం, గుడ్డి రోజులు రానీ, నీ సంగతి చూస్తాను అనుకునేవారు. పెళ్ళికి కొన్న కొత్త బట్టలు పెట్టెలో దాచుకున్నట్టు చెయ్యవలసిన చెడ్డ పనులన్నీ ఆ రోజులకి దాచుకునేవారు. నవ్వకండి. మనం ఆ ఊళ్ళో ఉంటే ఏం చేసేవాళ్ళమో ఎవరికి తెలుసు.

ఆ ఊరి పెద్ద జగ్గునాయుడు. ఒక ఏడు ఆయన గుడికి వచ్చి తవిటమ్మతో అన్నాడు.

"తవిటీ, కళ్ళు రేపు పెట్టకు. ఎల్లుండి పెట్టు. రంగు ఆరనేదని సెప్పు."

"సరే నాయుడుబాబూ," అంది తవిటమ్మ.

మరుసటి ఏడూ వచ్చాడు. "ఈసారి ఇంకో రెండు దినాలు ఆగు. ఊరోళ్ళకి పనులున్నాయి."

"సరే నాయుడుబాబూ."

ఏం పనులో ఆమె అడగలేదు. ఆమెకి తెలియదని నేను చెప్పను. కోళ్ళూ కొబ్బరికాయలూ పోతాయి, కొట్లాటలవుతాయి, అంతే కదా అనుకుంది.

మూడో ఏడు ఊళ్ళో పశువులకి తెగులు వచ్చింది. ఎడ్లు పోయాయి, పాడి పోయింది. దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు కావాలి కదా, తిట్టడానికి. గెడ్డ అవతల అసిరమ్మ అని ఒంటరి ముసలామె ఉండేది. కొండెక్కి వేర్లు, ఆకులు తెచ్చి మందు నూరేది. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసింది ఆమే. ఆ అసిరమ్మే పశువులకి చిల్లంగి పెట్టిందని, అంటే చేతబడి చేసిందని, ఎవరో అన్నారు. ఎవరన్నారంటే ఎవరూ చెప్పలేరు. అందరూ విన్నారు, అందరూ నమ్మారు.

కానీ అప్పుడు ఆమెని ఏమీ చెయ్యలేదు. ఎందుకంటే అప్పటికి అమ్మకి కళ్ళున్నాయి. నెలల తరబడి ఆగారు. ఆ నెలలన్నీ అసిరమ్మ కనపడితే, "ఏటత్తా, బాగున్నావా" అని పలకరించారు. జ్వరమొస్తే ఆమె దగ్గరే మందు తీసుకున్నారు. ఒక ఇంట్లో ఆమె చేతుల మీదుగా పురుడు కూడా పోసుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఒళ్ళు జలదరించేది ఇదే. రాయి వెయ్యడం ఒక్క క్షణం పని. అన్ని నెలలు నవ్వుతూ ఆగడం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జాతర దగ్గర పడింది. తవిటమ్మ అమ్మ కళ్ళు గీకేసింది. ముఖానికి పసుపు వేసింది. జగ్గునాయుడు వచ్చాడు.

"ఈ ఏడు నానొచ్చి సెప్పినదాకా కళ్ళు పెట్టకు."

"ఎందుకు నాయుడుబాబూ?" అంది తవిటమ్మ. పుట్టి బుద్ధెరిగాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

"అసిరమ్మ పని సూడాల."

"పనంటే?"

"గెడ్డకాడ రాళ్ళకి కరువా," అన్నాడు జగ్గునాయుడు. పొలంలో కలుపు తీయించాలి అన్నట్టే అన్నాడు.

తవిటమ్మ సరే అనలేదు.  కానీ ఏళ్ళ అలవాటు కదా, ఆయనకి సరే అన్నట్టే వినపడింది. వెళ్ళిపోయాడు.

 రెండేళ్ళూ తను రోజుకి రోజు కలిపి ఇచ్చింది దీనికా అనుకుంది తవిటమ్మ. గబగబా ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసింది. కాటుకలో ముంచింది. అమ్మ ముఖం దాకా తెచ్చి ఆగిపోయింది. గుడి ఇక్కడ, గెడ్డ అక్కడ. ఇక్కడ కళ్ళు పెడితే అమ్మకి కనపడేది గుమ్మం, గుమ్మం ముందు ఖాళీ దారి. ఊరు అప్పటికే గెడ్డ వైపు కదిలింది.

అప్పుడు తవిటమ్మ ఏం చేసిందో తెలుసా? జాతర రోజున తప్ప గడప దాటని అమ్మవారిని తాడుతో వీపుకి కట్టుకుంది. కాటుక గిన్నె చేత పట్టుకుంది. పరుగెత్తింది.

గెడ్డ ఒడ్డున ఇసకలో అసిరమ్మ కూర్చుని ఉంది. చుట్టూ ఊరు. అందరూ వచ్చారు. ముసలివాళ్ళు వచ్చారు, బాలింతలు వచ్చారు. కొందరు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ వచ్చారు, బాగా కనపడాలని. చేతుల్లో రాళ్ళు.

తవిటమ్మ వాళ్ళని తోసుకుని వెళ్ళి, అసిరమ్మ ముందు అమ్మవారిని దించింది. ముఖం జనం వైపు తిప్పింది. పచ్చటి ముఖం, కళ్ళు లేవు.

"ఏటే తవిటీ, మతి పోనాదేటి," అన్నాడు జగ్గునాయుడు. "అమ్మని బయటికి తెత్తావా? ఎల్లు, ఎల్లు."

తవిటమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. ఈ పని నేర్పినప్పుడు కన్నతల్లి ఆమెకి రెండు చూపులు నేర్పింది. పంటలు బాగున్న ఏడు చల్లని చూపు. జబ్బులొచ్చిన ఏడు కోపం చూపు. ఇప్పుడు ఏది పెట్టాలి? తల తిప్పి జనం వైపు ఒక్కసారి చూసింది. తను పుట్టిననాటి నుంచి ఎరిగిన ముఖాలు. తర్వాత అమ్మ వైపు తిరిగింది. చెయ్యి ఆ చూపుకీ వెళ్ళలేదు, ఈ చూపుకీ వెళ్ళలేదు. దానంతట అది గుండ్రంగా తిరిగింది. కుడి కన్ను పడింది. పెద్దది. నల్లగుడ్డు చుట్టూ అంతా ఖాళీయే.

అమ్మకి కుడిపక్క నిలబడ్డవాళ్ళ చేతులు కిందికి దిగిపోయాయి. అమ్మ చూస్తోంది మరి.

ఎడమపక్క వాళ్ళకి మాత్రం ఇంకా గుడ్డి రోజులే. వాళ్ళ వైపు కన్ను ఇంకా పడలేదు. అది వాళ్ళకి తెలుసు. ఆ రెండో కన్ను పడేలోగా పని కానిద్దామని అటువైపు నుంచి రాయి వచ్చింది. అసిరమ్మకి వేశారో, తవిటమ్మకి వేశారో. తవిటమ్మకి చెవి పైన తగిలింది.

కథ ఇక్కడ ఆపుతారు కొందరు, నీళ్ళు తాగడానికి. నేను ఆపను. ఆమె ఆపలేదు కాబట్టి.

ఒక చేత్తో ఇసక పట్టుకుని నిలదొక్కుకుంది. రెండో చేత్తో ఎడమ కన్ను పెట్టింది. అదీ పెద్దదే. అదీ గుండ్రమే. కుంచె పక్కన పెట్టింది. అమ్మవారి భుజం మీద తల ఆనించింది. మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడు ఊరంతా అమ్మ కళ్ళలోకి చూసింది. కోపంగా చూసి ఉంటే కాళ్ళ మీద పడేవారు. కోళ్ళు కోసి, శాంతి చేసి, మళ్ళీ మామూలయ్యేవారు. చల్లగా చూసి ఉంటే అమ్మ క్షమించిందని ఇళ్ళకి పోయి అన్నాలు తినేవారు. ఆ చూపు రెండూ కాదు. అది బిత్తర చూపు. సంతకి వెళ్ళిన తల్లి ఇంటికొచ్చి తలుపు తీస్తే, తన పిల్లల ముఖాలు పెట్టుకుని ఎవరో కూర్చుని ఉన్నట్టు. వీళ్ళెవరు? నా పిల్లలేరి? అలా చూస్తోంది అమ్మ.

 ఇసకలో కూర్చున్న అసిరమ్మే నోరు విప్పింది.

"అమ్మ అడుగుతోంది. ఎవులు మీరు అని. సెప్పండి."

ఒక్కరూ పేరు చెప్పలేకపోయారు. ఒక్కొక్క రాయే ఇసకలో పడింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇళ్ళకి పోయారు. తవిటమ్మని అసిరమ్మే కడిగింది, అసిరమ్మే మట్టి చేసింది.

రాయి వేసినదెవరని తర్వాత అడిగితే, నేను కాదంటే నేను కాదన్నారు. ఆ రోజు నేను కుడిపక్క నిలబడ్డానని ప్రతి ఒక్కరూ అన్నారు. జగ్గునాయుడూ అదే అన్నాడు. ఎడమపక్క ఎవరూ లేరట. ఊరు ఊరంతా కుడిపక్కే ఉందట.

మరుసటి జాతరకి ఆ కళ్ళు మార్పించాలని చూశారు. ముగ్గురు పనివాళ్ళని పిలిపించారు. మొదటివాడు గీకుడు కత్తి ఎత్తి, అమ్మ ముఖం చూసి, దించేశాడు. రెండోవాడు చెయ్యి రావడం లేదని దండం పెట్టి పోయాడు. మూడోవాడు కాసేపు చూసి, "ఈ కళ్ళు పెట్టినామె ఏటి సూసిందో సెప్పండి, అప్పుడు మారుత్తాను," అన్నాడు. ఎవరూ చెప్పలేదు. వాడూ పోయాడు.

అప్పుడు అసిరమ్మ వచ్చి గుడి గుమ్మంలో కూర్చుంది. జగ్గునాయుడు దండానికి వచ్చి అలవాటుగా కుడిపక్కకి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎడంపక్క నిలబడు నాయనా. అమ్మకి నువ్వెవులో తెల్దు. పేరు సెప్పుకో."

ఆయన నిలబడ్డాడు. పేరు చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. అమ్మ చూపు మారలేదు. చచ్చిపోయేదాకా ఏటా వచ్చి చెప్పాడట.

ఇప్పటికీ ఆ ఊళ్ళో గుడ్డి రోజులు లేవు. జాతరకి చీర రంగు మారుస్తారు, జుట్టు రంగు మారుస్తారు, కళ్ళ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళరు. గుళ్ళో కుడిపక్క ఎవరూ నిలబడరు. కొత్త కోడలైనా, చంటిపిల్లని ఎత్తుకున్న తల్లయినా, ఎంత పెద్ద అధికారైనా ఎడమపక్కకే వెళ్ళాలి. "తవిటమ్మ పెట్టిన కంటికి దండం. అమ్మా, నాను ఫలానా ఇంటి ఫలానా పేరుగల మనిషిని. నన్ను గుర్తుపట్టు," అనాలి.

బయటికి రాగానే గుమ్మం దగ్గర వంతు కోసం ఆగినవాళ్ళు అడుగుతారు. నన్నూ అడుగుతారు, ఏటా.

"గుర్తుపట్టిందేటి?"

"ఇంకా నేదు," అంటాను. "మళ్ళీ ఏడొత్తాను."